బెంగళూరులో బీడీఎస్: సీటు లెక్క, కుర్చీ లెక్క

దంతవైద్య డిగ్రీ అయిన బీడీఎస్‌లో సీటు కోసం ప్రవేశ పరీక్ష నీట్ రాసి, ఒకే మార్కులు తెచ్చుకున్న ఇద్దరు తెలుగు పిల్లల్ని ఊహించుకోండి. అమ్మాయి ఒకటి నుంచి పదో తరగతి దాకా బెంగళూరు మారతహళ్లిలో చదివి, ఇంటర్‌కి విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో చేరింది. అబ్బాయి ఎనిమిది దాకా కర్నూల్లో చదివాడు. నాన్నకు ఉద్యోగం మారడంతో తొమ్మిది నుంచి పన్నెండు బెంగళూరులో పూర్తిచేశాడు. అమ్మాయి ఆంధ్రాకు వెళ్లిపోయింది, అబ్బాయి బెంగళూరువాడైపోయాడు అని చుట్టాలంతా అనుకుంటారు. సీట్లు పంచే కర్ణాటక కౌన్సెలింగ్ లెక్క ఇందుకు పూర్తిగా తలకిందులు. అమ్మాయికి ప్రభుత్వ కోటా సీటుకు అర్హత ఉంటుంది, అబ్బాయికి ఉండదు.

కారణం ఒక్క వాక్యంలో ఉంది. ఒకటో తరగతి నుంచి పన్నెండు లోపు కనీసం 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి, పదో తరగతి గాని రెండో పీయూసీ (ఇక్కడి ఇంటర్ రెండో ఏడాది) గాని కర్ణాటకలోనే పాసై ఉండాలి. అమ్మాయికి పదేళ్ల చదువు, పదో తరగతి పాసు రెండూ ఇక్కడివే. అబ్బాయికి ఉన్నవి నాలుగేళ్లు. పోనీ ఆంధ్రాలో స్థానికుడవుతాడా అంటే అదీ కుదరదు. అక్కడ ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల వరస చదువు ఆ ప్రాంతంలోనే ఉండాలి. తెలంగాణ కూడా 2024లో ఇదే నాలుగేళ్ల షరతును బిగించింది, సుప్రీంకోర్టు దాన్ని 2025లో సమర్థించింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఆ అబ్బాయికి ప్రధానంగా మిగిలేవి అఖిల భారత కోటా, ప్రైవేటు కాలేజీల్లో ఏ రాష్ట్రంవారికైనా ఇచ్చే ఓపెన్ సీట్లు, డీమ్డ్ యూనివర్సిటీలు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక దారి ఉంది. పదకొండు, పన్నెండు తరగతులు కర్ణాటకలో చదివిన విద్యార్థి తల్లి గాని తండ్రి గాని కర్ణాటకలో కనీసం 7 ఏళ్లు చదివి ఉంటే, ఆ నిబంధన కింద ప్రభుత్వ కోటాకు అర్హత అడగొచ్చు. బళ్లారి, రాయచూరు, కోలారు, పావగడల్లో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ఆంధ్రాకు వెళ్లిన తల్లులు తెలుగు కుటుంబాల్లో తక్కువేమీ కాదు. కర్నూలు అబ్బాయి వాళ్లమ్మ బళ్లారిలో హైస్కూలు దాకా చదివి ఉంటే కథ మారిపోతుంది. కాకపోతే ముప్పై ఏళ్ల కిందటి బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు వెతికించి స్టడీ సర్టిఫికెట్ తేవాలి. ఆ పని నీట్ రాసిన మర్నాడే మొదలుపెట్టాలి. ఫలితాలొచ్చాక పెట్టుకుంటే గడువుకు అందదు.

అర్హత ఏ నిబంధన కింద అడుగుతున్నారో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. కౌన్సెలింగ్ నడిపే కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీని అందరూ కేఈఏ అనే పిలుస్తారు. దాని ఆఫీసు మల్లేశ్వరం పద్ధెనిమిదో క్రాస్‌లో, సంపిగె రోడ్డు మీద ఉంది. నిబంధన తప్పుగా ఎంచుకున్నవాళ్లు, స్టడీ సర్టిఫికెట్ మీద బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్ సంతకం లేనివాళ్లు పత్రాల పరిశీలనలో ఇరుక్కుంటారు. మూడు బళ్లు మారిన పిల్లలకు మూడు చోట్ల నుంచీ సర్టిఫికెట్లు కావాలి. మధ్యలో మూతపడ్డ చిన్న కాన్వెంటు ఒకటి ఉంటే దాని రికార్డులు ఎక్కడికి చేరాయో ఆ బ్లాకు విద్యాధికారి కార్యాలయంలోనే కనుక్కోవాలి.

కులం సర్టిఫికెట్టు సంగతి ఇంతకన్నా సున్నితం. ఆంధ్రా తహశీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్టుతో కర్ణాటక రిజర్వేషను రాదు. కర్ణాటక వెనకబడిన తరగతుల వర్గీకరణ 1, 2ఏ, 2బీ, 3ఏ, 3బీ అని వేరే. ఒకే కులం ఒక రాష్ట్రంలో ఒక గుంపులో, ఇంకో రాష్ట్రంలో మరో గుంపులో ఉండొచ్చు, అసలు జాబితాలోనే లేకపోవచ్చు. ఎస్సీ, ఎస్టీలకూ వలస వస్తే ఇదే చిక్కు. ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన ప్రధాన తీర్పు ఒక తెలుగు విద్యార్థి కేసులోదే, మర్రి చంద్రశేఖరరావు కేసు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన ఆ విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగి అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. పుట్టిన రాష్ట్రంలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని కోర్టు తేల్చింది. కాబట్టి కర్ణాటక రిజర్వేషను అడిగేవారికి ఇక్కడి నాడకచేరిలో (రెవెన్యూ శాఖ స్థానిక కార్యాలయంలో) తీసుకున్న, ఆర్‌డీ అనే గుర్తింపు నంబరున్న సర్టిఫికెట్టే పనికొస్తుంది. అఖిల భారత కోటాలో ఓబీసీకి మాత్రం కేంద్ర జాబితా ప్రకారం, కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. రెండూ వేరు వేరు కాగితాలు. ఒకటి చూపి రెండోది నడిపిద్దామంటే నడవదు.

ఇంకా నాలుగు కోటాలు తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా తగులుతాయి. బాగేపల్లి, గౌరిబిదనూరు, పావగడ పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడ మీడియం చదివిన పిల్లలు ఎందరో. ఒకటి నుంచి పది దాకా కన్నడ మీడియంలో చదివినవారికి 5 శాతం, గ్రామీణ ప్రాంతంలో చదివినవారికి 15 శాతం సీట్లు వాళ్ల వాళ్ల వర్గాల్లోనే కేటాయిస్తారు. మాతృభాష తెలుగైనా కన్నడ మీడియం కోటా వర్తిస్తుంది, చూసేది బోధనా మాధ్యమాన్ని. బళ్లారి, రాయచూరు, కొప్పళ లాంటి కల్యాణ కర్ణాటక జిల్లాలవారికి 371జే అధికరణ ఉంది. 2012 నాటి 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈ ఏర్పాటు కింద ఆ ప్రాంతపు కాలేజీల్లో 70 శాతం, బెంగళూరుతో సహా మిగతా రాష్ట్రంలో 8 శాతం సీట్లు వారివి. ఇక కొన్ని ప్రైవేటు కాలేజీలకు తెలుగు భాషా అల్పసంఖ్యాక హోదా ఉంది, సీట్ మ్యాట్రిక్స్‌లో, అంటే సీట్ల పట్టికలో, వాటికి విడిగా కోడ్ ఇస్తారు. అక్కడ ర్యాంకులో కొంత వెసులుబాటు దొరకొచ్చు గాని అది ప్రైవేటు సీటే, ఫీజు దయ చూపదు. ఈ కోటాలన్నిటికీ దరఖాస్తులోనే గడి నింపాలి.

పరీక్ష సంగతి అందరికీ తెలిసిందే కనుక పొడిగా చెప్పుకోవచ్చు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 45, బయాలజీ 90. సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. 2025 నుంచి ఛాయిస్ ప్రశ్నలు ఎత్తేసి సమయాన్ని 180 నిమిషాలకు కుదించారు. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. పన్నెండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్‌వారికి 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం రావాలి, ఇంగ్లీషు కూడా పాసవ్వాలి. నీట్ అర్హత గీత జనరల్‌వారికి 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40వది. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. 50వ పర్సంటైల్ దాటడమంటే రాసినవాళ్లలో సగంమందిని దాటడమే, 360 మార్కులు తెచ్చుకోవడం కాదు.

బెంగళూరు తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది గాని, ఆ పత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. ఆంధ్రాలో తెలుగు మీడియం చదివి, అన్నయ్య ఇంట్లో ఉండి కోచింగ్ తీసుకుంటూ బెంగళూరు కేంద్రం పెట్టుకుంటే తెలుగు పత్రం దొరకదు. తెలుగు పత్రం కావాలంటే పరీక్షా కేంద్రంగా అనంతపురం లాంటి ఆంధ్రా ఊరు చూసుకోవాలి. అనువాదంలో సందేహమొస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. ఆ పత్రంలో రెండు భాషలూ ఉంటాయి కనుక రెండూ చదవడం అలవాటు చేసుకోవాలి.

దరఖాస్తులో ఎక్కువగా దెబ్బతినేది పేరు దగ్గర. తెలుగు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. కర్ణాటక మార్కుల కార్డులో ఇంటిపేరు చివరికెళ్లి కూర్చుంటుంది. ఈ మూడూ మూడు మనుషుల్లా కనిపిస్తే పరిశీలన బల్ల దగ్గర అఫిడవిట్ల కోసం పరుగులు తప్పవు. పదో తరగతి మెమోని ప్రమాణంగా పెట్టుకుని, ఆధార్‌ను దానికి సరిపోయేలా నీట్ దరఖాస్తుకు ముందే సరిచేయించాలి. నీట్ ఫారానికి ఇచ్చిన ఫొటో కాపీలు పది దాచుకోవాలి. చివరిదాకా అదే మొహం అడుగుతారు.

రెండు దుకాణాలు, రెండు తాళాలు

సీట్లు రెండు చోట్ల పంచుతారు. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం అఖిల భారత కోటా, డీమ్డ్ యూనివర్సిటీల్లో నూటికి నూరు సీట్లు మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అంటే ఎంసీసీ, పంచుతుంది. మిగతా ప్రభుత్వ, ప్రైవేటు సీట్లను కేఈఏ పంచుతుంది. రెండింటికీ విడివిడిగా నమోదవ్వాలి. ఎంసీసీలో అఖిల భారత కోటాకు జనరల్‌వారి రుసుము వెయ్యి, తిరిగొచ్చే డిపాజిట్ 10 వేలు. డీమ్డ్ కావాలంటే రుసుము 5 వేలు, డిపాజిట్ 2 లక్షలు. ఈ రెండు లక్షలు ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే తిరిగొస్తాయి. ఇంటర్నెట్ సెంటరువాడి కార్డుతో కడితే డబ్బు అతని ఖాతాకు చేరుతుంది. వినడానికి నవ్వొస్తుంది గాని తప్పకుండా జాగ్రత్తపడాల్సిన విషయమిది.

బెంగళూరు నగరంలోని డెంటల్ కాలేజీల్లో ఎక్కువ భాగం రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నవి, సీట్లు కేఈఏ ద్వారా నిండుతాయి. విక్టోరియా ఆస్పత్రి ప్రాంగణంలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ, జేపీ నగర్‌లో ఆర్వీ, వీవీ పురంలో వీఎస్, కుమారస్వామి లేఅవుట్‌లో దయానంద సాగర్, బొమ్మనహళ్లిలో ఆక్స్‌ఫర్డ్, ఎయిర్‌పోర్టు దారిలో కృష్ణదేవరాయ, వైట్‌ఫీల్డ్‌లో వైదేహి, ఇలా ఊరి నలుమూలలా ఉన్నాయి. డీమ్డ్ కావాలనుకునేవారు మణిపాల్, మంగళూరు, మైసూరు, తుమకూరు వైపో, చెన్నై వైపో చూడాలి.

ఎంసీసీ రౌండ్ల నియమం మెట్లెక్కే కొద్దీ బిగుసుకునే తాడు లాంటిది. మొదటి రౌండులో సీటొచ్చి చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండులో సీటొచ్చి వదిలేస్తే డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో చేరితే రాజీనామాకు వీల్లేదు, ఇంకెక్కడా కౌన్సెలింగ్‌లో పాల్గొననివ్వరు. మిగిలిన సీట్లు పంచే చివరి స్ట్రే రౌండులో సీటొచ్చి చేరకపోతే డిపాజిట్ పోవడంతో పాటు మరుసటి ఏడాది నీట్ రాసే అర్హతా పోతుంది. ఎంబీబీఎస్ కోసం ఇంకో ఏడాది రాద్దాం, ఊరికే వేసి చూద్దాం అని స్ట్రే రౌండులో బీడీఎస్ ఆప్షన్లు పెట్టే పిల్లలు సరిగ్గా ఇక్కడే చిక్కుకుంటారు. మళ్లీ రాసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఆ రౌండు జోలికి పోకూడదు.

కేఈఏ పద్ధతి వేరు. ఆప్షన్లు పెట్టాక ముందు నమూనా కేటాయింపు చూపిస్తారు, అది చూసి వరస మార్చుకోవచ్చు. అసలు కేటాయింపు తర్వాత నాలుగు ఛాయిస్‌లు ఇస్తారు. ఒకటోది సీటు తీసుకుని ముగించడం, రెండోది ఉన్న సీటు పట్టుకుని పైవాటి కోసం చూడడం, మూడోది దీన్ని వదిలి తరవాతి రౌండుకు వెళ్లడం, నాలుగోది పూర్తిగా తప్పుకోవడం. మూడో ఛాయిస్ మీద ఆశపడేవాళ్లు ఎక్కువ, దెబ్బతినేవాళ్లూ ఎక్కువ. వదిలిన సీటు వదిలినట్టే, తరవాతి రౌండులో అంతకన్నా మంచిదే వస్తుందన్న హామీ ఏమీ లేదు. పట్టుకోదగ్గ సీటైతే రెండోది ఎంచుకోవాలి. దానికి ఫీజు కట్టాల్సి ఉంటుంది కనుక డబ్బు ముందే సిద్ధం చేసుకోవాలి.

ఆప్షన్ల వరసలో ఒక అపోహ పాతుకుపోయింది. నిరుడు ఆఖరి ర్యాంకు మనకన్నా బాగా పైన ఉన్న కాలేజీని మొదట పెడితే అవకాశం వృథా అవుతుందట. అలా ఏమీ కాదు. ర్యాంకు వరసలో ఒక్కొక్కరి జాబితాను కంప్యూటరు పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, ఖాళీగా ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. మొదటి పదీ దొరక్కపోతే పదకొండోది చూస్తుంది, దాని బలం ఏమీ తగ్గదు. కాబట్టి నిజంగా కోరుకున్న వరసలోనే పెట్టాలి. ప్రమాదం జాబితా అడుగున ఉంటుంది. కట్టలేని ఫీజున్న సీటు కోడ్‌ను ఏదో ఒకటి ఉండనీ అని చేరిస్తే అదే నెత్తిన పడుతుంది. ఒకే కాలేజీకి ప్రభుత్వ సీటు, ప్రైవేటు సీటు, ఎన్నారై సీటు అని కోడ్‌లు వేరుగా ఉంటాయి, ఫీజు కొన్ని రెట్లు మారుతుంది. కాలేజీ పేరు చూసి టిక్కు పెట్టేసి, ఫీజు కాలమ్ చూడకపోవడం ఖరీదైన పొరపాటు.

బీడీఎస్ సీట్లకు ఇంకో స్వభావం ఉంది. మొదటి రౌండులో బీడీఎస్ తీసుకున్నవాళ్లలో పలువురు ఎంబీబీఎస్ రాగానే వెళ్లిపోతారు. అందుకే తొలి రౌండులో గట్టిగా కనిపించిన ఆఖరి ర్యాంకులు చివరి రౌండ్లకు సడలిపోతాయి. మొదటి రౌండు అంకెలు చూసి బెదిరిపోయి, మధ్యవర్తి చెప్పిన మేనేజ్‌మెంటు సీటుకు అడ్వాన్సు ఇచ్చేయడం తొందరపాటు. అసలు కౌన్సెలింగ్ బయట బీడీఎస్ సీటు అనేదే లేదు. ఎన్నారై కోటాకు కూడా నీట్ అర్హత, కౌన్సెలింగ్ తప్పనిసరి. దేశం మొత్తం మీద ప్రైవేటు డెంటల్ సీట్లు ఏటా ఎన్నో మిగిలిపోతున్నాయి. 2021 ఫిబ్రవరిలో వేల సీట్లు ఖాళీగా ఉన్నాయని సుప్రీంకోర్టు ఆ ఏడాది బీడీఎస్ అర్హతను 10 పర్సంటైల్ తగ్గించమని ఆదేశించింది కూడా. సీట్లు మిగిలే చోట సీటు సంపాదించడం ఒక ఘనతగా అమ్ముతున్నారంటే అమ్మేవాడి వైపు అనుమానంగా చూడాలి.

డబ్బు లెక్క ఒక కాగితం మీద వేసుకోవడం మేలు. ఉదాహరణకు ట్యూషన్ ఏడాదికి 4 లక్షలనుకుంటే నాలుగేళ్లకు 16 లక్షలు. హాస్టలు, తిండి నెలకు 12 వేలనుకుంటే 60 నెలలకు 7 లక్షల 20 వేలు. దాని మీద యూనివర్సిటీ రుసుములు, పరికరాలు, పుస్తకాలు. పాతిక లక్షల దగ్గరికి వచ్చేసింది. ఏడున్నర లక్షల దాకా హామీ ఆస్తి లేకుండా బ్యాంకులు విద్యారుణం ఇవ్వగలవు, ఆపైన స్థలమో ఇల్లో చూపాలి. 15 లక్షలు వాడుకుంటే, 10 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి లక్షన్నర వడ్డీయే. కొత్తగా పాసైన డెంటిస్టు మొదటి ఉద్యోగంలో ఎంత సంపాదిస్తాడో కాలేజీ ప్రతినిధిని కాదు, రెండేళ్ల కిందట పాసైనవాళ్లను అడగాలి. ఆ జీతంతో ఈ వడ్డీ తీరదనిపిస్తే ప్రైవేటు సీటు మీద మరోసారి ఆలోచించాలి. పైగా ఎక్కువమంది దంతవైద్యంలో పీజీ అయిన ఎండీఎస్ చేయాలనుకుంటారు. అది ఇంకో మూడేళ్లు, నీట్ ఎండీఎస్ అనే వేరే పరీక్ష. ఇంటర్న్‌షిప్ ఏడాదికి ఫీజు అడుగుతారా, స్టయిపెండ్ ఇస్తారా అన్నది చేరేముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

కుర్చీల దగ్గర నిలబడి చూడాలి

కాలేజీల పట్టికలు, ర్యాంకింగులు చూసి ఆప్షన్లు పెట్టేవాళ్లు ఎక్కువ. దంతవైద్యం చేతిపని. చదివిన పుస్తకం అందరికీ ఒకటే, చేతికొచ్చిన పళ్లు ఒకటి కావు. ఒక కాలేజీలో ఇంటర్న్ వందల పళ్లు పీకి బయటికొస్తాడు, ఇంకోచోట లెక్క పూర్తిచేయడానికి రోగుల కోసం వెతుక్కుంటాడు. అందుకే జూలై, ఆగస్టుల్లో ఒక పనిదినాన పొద్దున పదిన్నరకు కాలేజీకి వెళ్లి ఓపీ దగ్గర అరగంట నిలబడితే బ్రోచరు చెప్పనివన్నీ తెలుస్తాయి.

చూడాల్సినవి చాలా మామూలు విషయాలు. టోకెన్ వరసలో నిజమైన రోగులున్నారా, లేక కాలేజీ బస్సులో దిగినవాళ్లా? పళ్లు పీకే ఓరల్ సర్జరీ, పళ్లు నింపే కన్జర్వేటివ్ విభాగాల్లో ఎన్ని కుర్చీలున్నాయో కాదు, ఎన్ని పనిచేస్తున్నాయో లెక్కపెట్టాలి. పన్ను తొలిచే ఎయిరోటర్‌కు గాలి, నీళ్లు వస్తున్నాయా, లాలాజలం లాగే సక్షన్ పనిచేస్తోందా చూడాలి. నీరు రాని ఎయిరోటర్‌తో పన్ను అరగదీస్తే వేడికి లోపలి నరం దెబ్బతింటుంది. నీటి సరఫరా చెడిపోయిన కుర్చీలు వరసగా ఉన్నాయంటే అక్కడి పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో ఊహించుకోవచ్చు. ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్ నుంచి వచ్చే పరికరాలు మూసిన సంచుల్లో వస్తున్నాయా, ట్రేలో పోసి తెస్తున్నారా అన్నది ఇంకో గుర్తు.

తరవాత ఇంటర్న్‌లతో మాట్లాడాలి. మూడు ప్రశ్నలు చాలు. క్లినికల్ కోటా, అంటే విద్యార్థి చేసి చూపాల్సిన కేసుల లెక్క, పూర్తిచేయడానికి రోగుల్ని మీరే తెచ్చుకోవాలా? రోగి కట్టాల్సిన రుసుము మీ జేబులోంచి పోతుందా? పూర్తి పళ్లసెట్టు ఎన్ని చేశారు? మొదటి రెండిటికీ అవునన్న జవాబొస్తే ఫీజు మీద ఇంకో ఫీజు ఉందన్నమాట. ఫైనలియర్‌లో ఇంటి వాచ్‌మన్‌ను, హాస్టలు వంటమనిషిని బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టే పరిస్థితి వస్తుంది. రోగుల రాక విషయంలో పాత ప్రభుత్వ ఆస్పత్రుల ప్రాంగణాల్లోని కాలేజీలకు, బస్సులు బాగా తిరిగే ఇరుకు బస్తీల మధ్య ఉన్నవాటికి సహజంగానే మేలు ఉంటుంది. ఊరి చివర, పాలరాయి మెట్లున్న భవనాల్లో ఒక్కోసారి కుర్చీలే మిగులుతాయి.

గుర్తింపు సంగతీ అప్పుడే చూసుకోవాలి. డెంటల్ కౌన్సిల్ గుర్తింపు కాలేజీకీ, సీట్ల సంఖ్యకూ వేర్వేరుగా ఉంటుంది. గుర్తింపు లేని డిగ్రీతో రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదు కాలేరు, నమోదు లేకుండా ప్రాక్టీసు చేయడం చట్టం ప్రకారం నేరం. కౌన్సిల్ స్థానంలో జాతీయ దంత కమిషన్ కోసం 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పేరు ఏదైనా, అధికారిక జాబితాలో కాలేజీ పేరు, అనుమతించిన సీట్లు స్వయంగా చూసుకోవడం మాత్రం తప్పదు.

చేరాక ఏమవుతుంది

నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీతో పాటు దంత నిర్మాణశాస్త్రం ఉంటుంది. అక్కడే మైనపు దిమ్మ మీద పన్ను చెక్కమంటారు. కొత్తవాళ్లు ముందు వైపు ముఖాన్ని అందంగా పూర్తిచేసి, తరవాత పక్కలు చూద్దామనుకుంటారు. అప్పటికి పక్కల్లో మైనం మిగలదు. పద్ధతి ఏమిటంటే కొలతలు దిమ్మ మీద గీసుకుని, ముందు ఒక వైపు నుంచి చూసే ఆకారాన్ని అటూ ఇటూ ఆరపార చెక్కి, దిమ్మను తిప్పి రెండో వైపు ఆకారం తెచ్చి, ఆఖర్న మూలలు గుండ్రం చేయాలి. చెక్కుడులో తీసేసింది మళ్లీ పెట్టలేం. బొమ్మలు వేయడం, చాకుతో సున్నితంగా పనిచేయడం ఇష్టమైన పిల్లలకు ఇది ఆట, మిగతావాళ్లకు నెల రోజుల సాధన. చేరేముందే రెండు సబ్బుబిళ్లల మీద ప్రయత్నించి చూసుకుంటే చెయ్యి ఎలా ఉందో తెలిసిపోతుంది.

రెండో ఏడాది పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, డెంటల్ మెటీరియల్స్. బొమ్మ తల దవడల్లో ప్లాస్టిక్ పళ్లు పెట్టి గుంత తవ్వడం, నింపడం నేర్పేదీ అప్పుడే. మూడో ఏడాది జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ చూసి, పళ్ల డాక్టరుకు ఇవెందుకని విసుక్కునేవాళ్లున్నారు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునే అరవై ఏళ్లాయన పన్ను పీకించుకోవడానికి వచ్చిన రోజున ఆ జవాబు దొరుకుతుంది. నాలుగో ఏడాది ఎనిమిది క్లినికల్ సబ్జెక్టులు ఒకేసారి మీద పడతాయి. థియరీ, ప్రాక్టికల్ దేనికదే 50 శాతం రావాలి. ప్రాక్టికల్‌లో తొంభై వచ్చినా థియరీలో నలభై తొమ్మిది అయితే తప్పినట్టే. మొదటి ఏడాది సబ్జెక్టులన్నీ చేరిన మూడేళ్లలోగా పూర్తిచేయకపోతే కోర్సు నుంచి తీసేస్తారు, మొత్తం చదువుకు గరిష్ఠ గడువు 9 ఏళ్లు. హాజరు 75 శాతం.

ఎడమచేతివాటం ఉన్నవాళ్లు కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు కుర్చీల అమరిక గమనించాలి. ఎక్కువ కుర్చీలు కుడిచేతివాళ్ల కోసం బిగించినవే. రంగులు సరిగా గుర్తించలేని లోపం ఉంటే పంటి రంగు సరిపోల్చే పనిలో ఇబ్బంది వస్తుంది, ముందే కంటి డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోవడం మంచిది.

కన్నడం రాకపోతే ఓపీలో నోరు లేనట్టే. అక్కడికొచ్చే రోగులు కన్నడం, ఉర్దూ, తమిళం, తెలుగు కలగలిపి మాట్లాడతారు గాని కేసు షీటు నింపడానికి అడిగే ప్రశ్నలకు ఎక్కువగా కన్నడమే ఆధారం. మనకు హల్లు అంటే అక్షరం, కన్నడిగులకు హల్లు అంటే పన్ను. యావ హల్లు నోవు (ఏ పన్ను నొప్పి) అని అడగడం నేర్చుకుంటే సగం కేసు హిస్టరీ వచ్చినట్టే. ఎన్ని రోజుల నుంచి, చల్లటి నీళ్లకు జివ్వుమంటుందా, రాత్రి నిద్ర పట్టనిస్తుందా, ఈ మూడు ప్రశ్నలు కన్నడంలో అడగగలిగితే పన్ను ఊరికే పుచ్చిందా, నరం దాకా పాకిందా అన్నది చాలావరకు అర్థమవుతుంది. మొదటి రెండేళ్లలో రోగులుండరు కనుక నేర్చుకోవడానికి సమయం ఉంటుంది.

సీటు ఖాయమై చేరడానికి వెళ్లేముందు ప్రతి ఒరిజినల్‌నూ రెండు వైపులా స్కాన్ చేసి, ఐదు జిరాక్సు సెట్లు పెట్టుకోవాలి. ఒరిజినల్స్ కాలేజీలో ఉండిపోతే బ్యాంకు రుణానికి, స్కాలర్‌షిప్‌కు ఇవే దిక్కు. ఆంధ్రా, తెలంగాణ ఇంటర్ బోర్డుల నుంచి వచ్చినవారు టీసీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అది లేకపోతే యూనివర్సిటీ అర్హత పత్రం ఆగుతుంది. చేరిన వారంలోనే హెపటైటిస్ బీ టీకా మొదలుపెట్టాలి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మూడో డోసు అయిన నెల రెండు నెలల్లో రక్తపరీక్ష చేయించుకుంటే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నాయో లేదో తెలుస్తుంది. అంతకన్నా తక్కువైతే టీకా మళ్లీ వేయించుకోవాలి. ఇదంతా మూడో ఏడాది తొలి రోగి నోట్లో సూది పెట్టేలోగా అయిపోయి ఉండాలి.